కొత్తగా డిగ్రీ అయిన పిల్లల్ని బస్తీ బళ్లలో టీచర్లుగా తీసుకోవాలంటే ఎవర్ని అడగాలి, ఏం చెప్పాలి?

బోరబండ_బడి:
అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో బోరబండ, అడ్డగుట్ట వైపు నెలకి ఆరేడు వందలు ఫీజు తీసుకునే చిన్న ప్రైవేట్ స్కూళ్లతో, కొన్ని సర్కారు ప్రైమరీ స్కూళ్లతో పనిచేసే చిన్న ట్రస్టు మాది. వచ్చే జూన్ నుంచి, అప్పుడే డిగ్రీనో బీటెక్కో అయిన పిల్లల్ని రెండేళ్లకి టీచర్లుగా తీసుకోవాలని అనుకుంటున్నాం. స్టైపెండ్ ఇస్తాం గానీ అది సాఫ్ట్‌వేర్ జీతం ముందు నిలబడదు. కాలేజీల్లో ప్లేస్‌మెంట్ ఆఫీసర్లని కలుస్తుంటే అందరూ ఒకటే మాట, "మంచి పని సార్, ఆదివారం వాలంటీర్లు కావాలంటే ఎంతమందినైనా పంపిస్తాం" అని. ఆదివారం వచ్చి కేక్ కట్ చేసి ఫోటోలు దిగి వెళ్లేవాళ్లతో మాకు పని లేదు. సోమవారం పొద్దున తొమ్మిదింటికి నాలుగో తరగతి గదిలో ఉండేవాళ్లు కావాలి, మంగళవారం కూడా ఉండాలి. ఏ కాలేజీలకి వెళ్లాలి, పిల్లలకి ఏం చెప్పాలి, వచ్చినవాళ్లు మధ్యలో వెళ్లిపోకుండా ఏం చేయాలి? మా ట్రస్టులో ఒకరు బాండ్ రాయించుకుందాం అంటున్నారు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

మాజీ_ఫెలో:
అన్నా, నేను సిటీలోనే, డిగ్రీ అయ్యాక ఇలాగే బళ్లో చెప్పే రెండేళ్ల ఫెలోషిప్ చేశాను. ఈ పద్ధతి ఎక్కడ మొదలైందో చూస్తే మీ ప్రశ్నకి సగం జవాబు దొరుకుతుంది. 1989లో అమెరికాలో ప్రిన్స్‌టన్‌లో ఆఖరి సంవత్సరం చదువుతున్న వెండీ కాప్ తన థీసిస్‌లో ఈ ఆలోచన పెట్టింది. పెద్ద పెద్ద కంపెనీలు క్యాంపస్‌కి వచ్చి మరీ పిల్లల్ని ఎగరేసుకుపోతున్నాయి, టీచర్ పనికి అలా వచ్చి అడిగేవాళ్లు ఎందుకు లేరు అన్నది ఆమె బాధ. 1990లో సుమారు 500 మందితో టీచ్ ఫర్ అమెరికా మొదటి బ్యాచ్ క్లాసుల్లోకి వెళ్లింది. లండన్‌లో టీచ్ ఫస్ట్ 2002లో వచ్చింది. మన దేశంలో షాహీన్ మిస్త్రీ టీచ్ ఫర్ ఇండియా మొదలుపెట్టారు, 2009లో ముంబై, పుణెల్లో మొదటి బ్యాచ్. తర్వాత హైదరాబాద్‌కీ వచ్చింది.

అంటే అడగడంలోనే ఉంది కిటుకు. మా బ్యాచ్‌లో చాలామందికి టీచర్ అవ్వాలని చిన్నప్పటి నుంచీ కోరిక ఏమీ లేదు. ఎవరో క్యాంపస్‌కి వచ్చి, కళ్లలోకి చూసి, "నువ్వు చేయగలవు, రా" అన్నారు. ఆ మాట అప్పటిదాకా వాళ్లని ఎవరూ అనలేదు.

కానీ చెప్పేటప్పుడు పోస్టర్ మీద నవ్వుతున్న పిల్లల బొమ్మ చూపించి ఊరుకుంటే ఆగస్టుకల్లా మనిషి కుప్పకూలతాడు. నాకు ఇచ్చింది నాలుగో తరగతి. ఒక పిల్లవాడి నోట్స్ తీసి చూశాను, ప్రశ్నలు జవాబులు ముత్యాల్లాంటి ఇంగ్లిష్ అక్షరాల్లో ఉన్నాయి, పక్కన టీచర్ పెట్టిన టిక్కులు, 'గుడ్' అన్న రాతలు. వాడి జవాబులోంచే 'రివర్' అన్న మాట తీసి బోర్డు మీద విడిగా రాశాను. చదవలేకపోయాడు. అప్పటిదాకా వాడు రాసింది చదువు కాదు, గైడ్‌లో ఉన్న గీతల్ని చూసి గీసిన బొమ్మలు. క్లాసులో సగం మంది పరిస్థితి అదే. సిలబస్ మాత్రం ముందుకు పోతూ ఉంటుంది, ఎఫ్‌ఏ-1 పరీక్ష డేట్ దగ్గర పడుతూ ఉంటుంది. మీరు తీసుకునే పిల్లలకి ఇది ముందే చూపించండి.

డీఎస్సీ_అభ్యర్థి:
నేను కొంచెం కటువుగా రాస్తున్నా, ఏమీ అనుకోకండి. బీఎడ్ చేసి, టీచర్ అర్హత పరీక్ష టెట్ పాసై, దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో కూర్చుని ఏళ్ల తరబడి నోటిఫికేషన్ కోసం చూసినవాళ్లలో నేనొకణ్ణి. తెలంగాణలో 2017లో 8,792 పోస్టులకి టీఆర్‌టీ, అంటే డీఎస్సీ లాంటి సర్కారు టీచర్ల నియామక పరీక్ష, వచ్చింది. మళ్లీ 2023 సెప్టెంబర్‌లో 5,089 పోస్టులన్నారు, అది రద్దు చేసి 2024 ఫిబ్రవరిలో 11,062 పోస్టులతో కొత్త డీఎస్సీ వేశారు. మధ్యలో ఆరేళ్లు పైగా. ఆ ఆరేళ్లలో ఎంతమంది వయసు దాటిపోయి, పెళ్లిళ్లై, వేరే పనుల్లో పడిపోయారో ఎవరు లెక్కపెట్టారు?

విద్యాహక్కు చట్టం 23వ సెక్షన్ టీచర్‌కి కనీస అర్హత ఉండాలంటుంది. 2010 నుంచి టెట్ పెట్టారు. మేం అవన్నీ దాటుకుని బయట నిలబడితే, కొన్ని వారాల ట్రైనింగ్‌తో బీటెక్ పిల్లలు క్లాసులోకి వెళ్తారా? ధనవంతుల పిల్లల స్కూల్లో ఇలా చేస్తే ఒప్పుకుంటారా? పేదపిల్లలే ఎందుకు మీకు ప్రాక్టీసుకి దొరకాలి?

బోరబండ_బడి:
@డీఎస్సీ_అభ్యర్థి, ఏమీ అనుకోలేదు అన్నా. ఆ చివరి ప్రశ్న మమ్మల్ని రోజూ అడగాల్సిందే. ఒక్కటి చెప్తాను, సర్కారు స్కూల్లో ఖాళీ పోస్టులోకి మా మనిషిని పెట్టం. ఉన్న టీచర్‌కి తోడుగా ఇస్తాం.

లెక్కల_మాస్టారు:
తోడు అన్న మాట మీద రెండు ముక్కలు. విద్యాహక్కు చట్టం షెడ్యూల్ ప్రకారం ప్రైమరీ స్కూల్లో 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లే. తరగతులు మాత్రం అయిదు. అంటే అన్ని పోస్టులూ నిండినా, చట్టం అక్షరాలా అమలైనా, ఒక టీచర్ రెండు మూడు తరగతుల్ని ఒకేసారి చూడాలి. డీఎస్సీ క్రమం తప్పకుండా వేయాలని నేను గట్టిగా కోరుకునేవాణ్ణే, కానీ డీఎస్సీ వేసినంత మాత్రాన ఆ గదిలో రెండో మనిషి రాడు.

ఇక అర్హత లేనివాళ్లు చెప్తే పిల్లలు నష్టపోతారా అన్నదానికి మన దగ్గరే మంచి అధ్యయనం ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ లాటరీ పద్ధతిలో 100 సర్కారు స్కూళ్లని ఎంచి ఒక్కో కాంట్రాక్ట్ టీచర్‌ని అదనంగా ఇచ్చి చూశారు. రెండేళ్ల తర్వాత ఆ స్కూళ్ల పిల్లలు లెక్కల్లోనూ తెలుగులోనూ మిగతా స్కూళ్లకన్నా ముందున్నారు. ఆ కాంట్రాక్ట్ టీచర్లు ఎవరు? ఎక్కువగా అదే ఊళ్లో ఉండే ఆడపిల్లలు, చదువు తక్కువ, ట్రైనింగ్ తక్కువ, జీతమైతే రెగ్యులర్ టీచర్ జీతంలో ఏ అయిదో వంతో. అమెరికాలో 2004లో మ్యాథమెటికా సంస్థ టీచ్ ఫర్ అమెరికా వాళ్ల మీద చేసిన అధ్యయనంలో కూడా లెక్కల్లో వాళ్ల పిల్లలు కొంత మెరుగు, చదవడంలో తేడా లేదు.

కాబట్టి @బోరబండ_బడి, పెద్ద పేరున్న కాలేజీల వెంట పడకండి. బడి చుట్టూ రెండు మూడు కిలోమీటర్లలో ఉన్న డిగ్రీ కాలేజీలకి వెళ్లండి. బీఎస్సీ, బీకాం చదివి అదే బస్తీలో ఉండే పిల్లకి ఆ ఇళ్లు తెలుసు, ఆ భాష తెలుసు. పిల్లవాడు రెండు రోజులు రాకపోతే ఏ గల్లీలో వెతకాలో తెలుసు.

మాజీ_ఫెలో:
ఇది వంద శాతం నిజం మాస్టారూ. మాతోపాటు వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు చాలా తెలివైనవాళ్లు, కష్టపడేవాళ్లు. కానీ పేరెంట్స్ మీటింగ్‌లో తల్లి తెలుగులో ఏడుస్తుంటే పక్కన నేను కూర్చుని హిందీలోకి చెప్పాల్సి వచ్చేది. అవతలి వైపు పాతబస్తీ స్కూళ్లలో ఉర్దూ రాకపోతే నాలాంటివాళ్లకీ అదే కష్టం.

పాతబస్తీ_టీచర్:
అస్సలాం అలైకుం, నమస్తే. మీరంతా బయటి నుంచి వచ్చేవాళ్ల గురించే మాట్లాడుతున్నారు, లోపల ముందునుంచీ ఉన్నవాళ్లం మేం ఉన్నాం. నేను పాతబస్తీలో ఒక చిన్న ప్రైవేట్ స్కూల్లో చెప్తాను. ఇంటినే స్కూల్ చేశారు. కింద గదిలో ఒక బీరువా అడ్డం పెట్టి అటు రెండో తరగతి, ఇటు మూడో తరగతి. అవతల ఎక్కాలు చదివితే ఇవతల నా గొంతు వినపడదు, అందుకని వాళ్ల ఎక్కాలు అయ్యేదాకా నేను రాత పని ఇస్తాను.

జీతం ఎనిమిది వేలు, మే నెలకి అదీ లేదు. కరోనాలో స్కూళ్లు మూసేస్తే ఆ జీతం కూడా పోయింది. 2021 ఏప్రిల్‌లో ప్రభుత్వం గుర్తింపు ఉన్న ప్రైవేట్ స్కూళ్ల స్టాఫ్‌కి నెలకి 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తామన్నప్పుడు మా స్టాఫ్‌లో కొందరు కళ్లనీళ్లు పెట్టుకున్నారు, అక్కడిదాకా వచ్చింది మా బతుకు.

మా స్కూల్‌కి కూడా ఒకసారి ఒక సంస్థ తరఫున ఒక అబ్బాయిని పంపారు. మంచి అబ్బాయి. అతనికి ఒకటే క్లాస్, ట్యాబ్, రంగుల చార్టులు, నా జీతానికి రెండింతలకి పైన స్టైపెండ్. నాకు నాలుగు క్లాసులు, చార్ట్ కావాలంటే సొంత డబ్బు. పేరెంట్స్ కూడా "ఆ సార్ క్లాస్‌లో వేయండి" అనేవాళ్లు. అతను వెళ్లిపోయాక ఆ పిల్లలు మళ్లీ నా దగ్గరికే వచ్చారు, అతను వాళ్లకి ఏం నేర్పాడో, ఎక్కడిదాకా వచ్చారో నాకు ఒక కాగితం ముక్క కూడా ఇవ్వలేదు. అతని మీద కోపం లేదు. పంపినవాళ్లు నన్ను మనిషిగా లెక్కలోకి తీసుకోలేదు, ఆ బాధ మాత్రం ఉంది.

బాండ్ గురించి అడిగారు కదా. నేను చేరిన రోజే కరెస్పాండెంట్ గారు నా ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసి పెట్టుకున్నారు, మధ్యలో మానేస్తానేమోనని. వేరే ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉంటే ఒక్కరోజుకి ఇవ్వమని బతిమాలుకున్నా. అలా పట్టి ఉంచిన టీచర్ పిల్లలకి ఏం మనసు పెట్టి చెప్తుంది? దయచేసి ఆ పని చేయకండి.

బోరబండ_బడి:
@పాతబస్తీ_టీచర్ మేడమ్, బాండ్ మాట ఇక మా దగ్గర ఎత్తను, ఎవరన్నా ఎత్తితే మీ పోస్ట్ చదివి వినిపిస్తాను. ఆ కాగితం ముక్క సంగతి కూడా రాసుకున్నాను.

ఫైనల్_ఇయర్:
నేను సిటీ శివార్లలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఫైనల్ ఇయర్. నాకు చేరాలని నిజంగా ఉంది. మా అమ్మ అంగన్‌వాడీలో చేస్తుంది, చిన్నప్పుడు సాయంత్రం పూట మా అరుగు మీద నేనే పిల్లలకి లెక్కలు చెప్పేదాన్ని. కానీ మీ దగ్గర చేరాలంటే ఒరిజినల్స్ అడుగుతారా? మా సీనియర్ల సర్టిఫికెట్లు చాలామందివి కాలేజీలోనే ఉండిపోయాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బులు రాలేదు, మీరే కట్టి తీసుకెళ్లండి అంటున్నారంట. జూన్‌కల్లా నా చేతిలో మెమో ఉంటుందో లేదో తెలీదు. ఇంకొకటి, రెండేళ్లు అయ్యాక నేనేం చేయాలి? టీచర్‌గానే ఉండిపోవాలనిపిస్తే దారి ఉందా?

డీఎస్సీ_అభ్యర్థి:
@ఫైనల్_ఇయర్ చెల్లీ, ఈ ఫెలోషిప్ చేస్తే డీఎస్సీ రాయొచ్చని ఎవరైనా అంటే నమ్మకు. దానికి విడిగా చదవాలి. ఒకటి నుంచి అయిదు తరగతులకి ఎస్‌జీటీ, అంటే ప్రైమరీ టీచర్, కావాలంటే డీఈడీ అనే డిప్లొమా చేయాలి, దాని ప్రవేశ పరీక్ష డీసెట్ రాసి సీటు తెచ్చుకోవాలి, రెండేళ్ల కోర్సు. 2023 ఆగస్టు 11న సుప్రీం కోర్టు ప్రైమరీ టీచర్ పోస్టులకి బీఎడ్ చెల్లదని తీర్పు ఇచ్చింది, కాబట్టి బీఎడ్ చేసి ఎస్‌జీటీ అవుదామంటే కుదరదు. హైస్కూల్లో స్కూల్ అసిస్టెంట్ కావాలంటే ఎడ్‌సెట్ రాసి బీఎడ్, అదీ రెండేళ్లే. పైన టెట్. బీటెక్ వాళ్లకి ఏ సబ్జెక్టులో అవకాశం ఉంటుందో ఎడ్‌సెట్ నోటిఫికేషన్ చూసి గానీ డబ్బు కట్టకు. ఇదంతా రిక్రూట్ చేసేవాళ్లే మొదటి రోజు చెప్పాలి.

అమీర్‌పేట్_తండ్రి:
పిల్లలకి చెప్తే చాలదు, మాకూ చెప్పండి. మా అమ్మాయి కూడా ఇలాంటి ఫెలోషిప్‌కి అప్లై చేస్తానంటోంది. ఇంట్లో రెండు వారాలుగా ఇదే గొడవ. వాళ్ల నానమ్మ "ఇంజనీరింగ్ చదివించింది పలక బలపం పట్టుకోడానికా" అంటోంది. నేను ఆ మాట అనను, నేను సర్కారు బళ్లో చదువుకుని పైకొచ్చినవాణ్ణి. నా టెన్షన్ వేరే. ఎడ్యుకేషన్ లోన్ ఉంది. కోర్సు అయ్యాక కొన్నాళ్లు గడువిస్తారు, ఆ తర్వాత ఈఎంఐ మొదలవుతుంది. మీ స్టైపెండ్‌లో హాస్టల్, తిండి, బస్సు పోగా ఈఎంఐ ఎక్కడినుంచి కట్టాలి? అప్పు లేని ఇంటి పిల్లలే రావాలంటే, మీకు కావలసిన బస్తీ పిల్లలు ఎప్పటికీ రాలేరు కదా. ఇంకొకటి, రెండేళ్ల తర్వాత ఇంటర్వ్యూలో "గ్యాప్ ఎందుకు వచ్చింది" అని అడిగితే దానికి మీరు ఏ కాగితం ఇస్తారు?

హెచ్‌ఎం_మేడమ్:
రిటైర్ అయ్యాను కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను. సికింద్రాబాద్ వైపు సర్కారు స్కూళ్లలోనే నా సర్వీసంతా గడిచింది. విద్యా వాలంటీర్లని చూశాను, ట్రైనీలని చూశాను, ఎన్జీవోల వాళ్లని చూశాను.

కొత్తవాళ్లు మానేసేది దసరా దగ్గర. జూన్‌లో చేరతారు, పిల్లల్ని బళ్లో చేర్పించే బడిబాట హడావిడి, కొత్త పుస్తకాలు, ఉత్సాహం. ఆగస్టు పదిహేను బాగా చేస్తారు. తర్వాత వానలు, జ్వరాలు, పిల్లలు రారు, వచ్చినవాళ్లకి నిన్న చెప్పింది గుర్తుండదు, ఎస్‌ఏ-1 పరీక్ష దగ్గర పడుతుంది. తనకి చెప్పడం చేతకాదేమోనన్న భయం అప్పుడు మొదలవుతుంది. బతుకమ్మకి ఇంటికి వెళ్తారు, అమ్మ చేతి అన్నం తింటారు, స్నేహితుడి ఆఫర్ లెటర్ చూస్తారు, తిరిగి రారు. కాబట్టి మీ డబ్బూ మీ మనుషులూ ఏమున్నా ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో వాళ్ల పక్కన పెట్టండి. వారానికి ఒకసారి ఒక అనుభవం ఉన్న టీచర్ వెనక బెంచీలో కూర్చుని, క్లాస్ అయ్యాక అర్ధగంట మాట్లాడితే చాలు. తప్పులు పట్టడానికి కాదు. "ఆ మూలన ఉన్న అమ్మాయి ఇవాళ చెయ్యెత్తింది, నువ్వు చూశావా?" అని చెప్పడానికి. కొత్త టీచర్‌కి అది కనపడదు, గోల ఒక్కటే కనపడుతుంది.

ఎంపిక గురించి. ఇంటర్వ్యూలో "మీరెందుకు టీచర్ అవ్వాలనుకుంటున్నారు" అని అడగొద్దు, అందరూ బట్టీపట్టిన జవాబే చెప్తారు. చాక్‌పీస్ ఇచ్చి పది నిమిషాలు నిజం పిల్లల ముందు నిలబెట్టండి. బాగా చెప్పారా లేదా అన్నది నేను అంత చూడను. పిల్లలకి అర్థం కాలేదని తెలిశాక ఏం చేశారన్నది చూస్తాను. కొందరు అదే వాక్యాన్ని ఇంకా గట్టిగా అంటారు. కొందరు ఆగి, కిందికి వంగి, పిల్లవాడి నోట్‌బుక్ చూస్తారు. ఆ రెండోవాళ్లని తీసుకోండి, మార్కులు ఎన్నున్నా సరే.

ఇంకో సంగతి. 2022-23 నుంచి మన సర్కారు స్కూళ్లలో ఇంగ్లిష్ మీడియం పెట్టి, ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్ ఉన్న పుస్తకాలు ఇచ్చారు. ఏళ్లుగా తెలుగులో చెప్పినవాళ్లకి ఇంగ్లిష్ చెప్పాలంటే లోపల జంకు, పైకి అనరు. మీ బీటెక్ పిల్లకి ఇంగ్లిష్ వచ్చు, చదవడం రాని పిల్లవాడికి అక్షరం ఎలా పట్టించాలో తెలీదు. మా టీచర్‌కి అది తెలుసు. ఇద్దర్నీ ఒక గదిలో పెట్టి "మీ ఇద్దరిదీ ఈ క్లాస్" అంటే ఇద్దరికీ లాభం. @పాతబస్తీ_టీచర్ చెప్పినట్టు ఒకరికి ట్యాబ్, ఇంకొకరికి బీరువా అంటే మాత్రం ఆ స్కూల్లో చల్లగా పగ పుడుతుంది.

మాజీ_ఫెలో:
మేడమ్, ఆగస్టు గురించి మీరు రాసింది చదువుతుంటే నా మొదటి ఏడాది కళ్లముందు తిరిగింది. నన్ను నిలబెట్టింది కూడా పక్క క్లాస్ టీచరమ్మే, సంస్థ ట్రైనింగ్ కాదు.

బోరబండ_బడి:
అందరి పోస్టులూ ప్రింట్ తీసి నిన్న మా మీటింగ్‌లో పెట్టాను. ఒప్పుకున్నవీ ఒప్పుకోనివీ ఉన్నవున్నట్టు రాస్తున్నాను.

బాండ్ లేదు, ఒరిజినల్స్ పెట్టుకోవడం లేదు. @ఫైనల్_ఇయర్, ప్రొవిజనల్ సర్టిఫికెట్ లేకపోయినా హాల్‌టికెట్, మార్కుల జిరాక్స్ చాలు. పెద్ద కాలేజీల ప్రయత్నం ఈ ఏడాదికి మానేసి యూసుఫ్‌గూడ, ఎర్రగడ్డ, సికింద్రాబాద్ చుట్టుపక్కల డిగ్రీ కాలేజీలకి వెళ్తున్నాం, ఫైనల్ ఇయర్ క్లాసులకే, ఆడిటోరియం మీటింగ్ లేకుండా. చేరాలనుకున్న ప్రతి ఒక్కరూ ముందు ఒక రోజంతా బడిలో గడపాలి, ప్రేయర్ నుంచి లాంగ్ బెల్ దాకా, మధ్యాహ్నం పిల్లలతోనే భోజనం. ఆ రోజు అయ్యాక వద్దనుకుంటే మేం ఒక్క మాట అనం. అమ్మానాన్నల్ని కూడా రమ్మంటాం.

స్టైపెండ్ విషయంలో గట్టిగా వాదన జరిగింది. ఇరవై మందిని తీసుకుందాం అనుకున్నవాళ్లం పన్నెండు మందికి తగ్గించాం. మిగిలిన డబ్బులో కొంత లోన్ ఉన్నవాళ్ల ఈఎంఐకి, కొంత అదే స్కూల్లో పక్క క్లాస్ టీచర్‌కి నెలనెలా గౌరవ వేతనం. ఆగస్టు, సెప్టెంబర్‌లలో వెనక బెంచీలో కూర్చోడానికి రిటైర్డ్ టీచర్లు కావాలి, @హెచ్‌ఎం_మేడమ్, మిమ్మల్ని వదలం. ఒప్పుకోనిది ఒక్కటి, రెండేళ్లని మూడేళ్లు చేయాలని నేను అడిగాను, డబ్బుకి ఎవరూ హామీ ఇవ్వలేమన్నారు. అందుకని ప్రతి పిల్లవాడికీ ఒక షీట్ పెడుతున్నాం, అక్షరాలు, పదాలు, పేరా, కథ, ఎక్కడిదాకా వచ్చాడో నెలనెలా రాసి ఆ స్కూల్ టీచర్ చేతికి ఇచ్చి వెళ్లాలి.

పాతబస్తీ_టీచర్:
ఆ షీట్ ఇంగ్లిష్‌లో మాత్రమే చేయకండి. తెలుగులో, ఉర్దూలో కూడా ఉండాలి. పిల్లవాడు ఏ భాషలో ఎక్కడున్నాడో వేరువేరుగా రాయాలి.

బోరబండ_బడి:
తప్పకుండా మేడమ్. ఉర్దూ షీట్ మీరు ఒకసారి చూసి పెడతారా?

పాతబస్తీ_టీచర్:
పంపండి. ఆదివారం చూస్తాను.

డీఎస్సీ_అభ్యర్థి:
నా అభిప్రాయం పూర్తిగా మారలేదు, ప్రభుత్వం ఖాళీలు నింపాలన్న మాట మీదే ఉన్నాను. కానీ ఒకటి అడుగుతా, బీఎడ్ అయ్యి ఖాళీగా ఉన్నవాళ్లని ఎందుకు పిలవరు? "కొత్త గ్రాడ్యుయేట్" అంటే ఇరవై రెండేళ్ల బీటెక్ పిల్లలేనా?

బోరబండ_బడి:
మేం పెట్టిన షరతు డిగ్రీ అయి మూడేళ్ల లోపు అని. బీఎడ్, డీఈడీ వాళ్లకి అది ఎత్తేయమని రేపే అడుగుతాను. నోటిఫికేషన్ వస్తే చదువుకోడానికి సెలవు కావాలంటారు, అది కూడా మాట్లాడాలి. మీరు వస్తారా?

డీఎస్సీ_అభ్యర్థి:
ముందు ఆ ఒక రోజు బడి చూస్తాను. సెలవు సంగతి కాగితం మీద పెడితే అప్పుడు మాట్లాడదాం.

అమీర్‌పేట్_తండ్రి:
మా అమ్మాయీ నేనూ కూడా వస్తాం. శనివారం బడి ఉంటుందా, పూర్తి రోజేనా?

బోరబండ_బడి:
రెండో శనివారం కాకపోతే పూర్తి రోజే సార్. తొమ్మిదింటికల్లా గేటు దగ్గర ఉండండి. ప్రేయర్ మొదలయ్యాక వస్తే పిల్లలందరూ మీ వైపే చూస్తారు.